మందుల షాపులో మలేరియా పరీక్ష: నెగెటివ్ వస్తే ఏం చేస్తారు?

జులై నుంచి అక్టోబర్ దాకా హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్లినా, సాయంత్రం ఏడు దాటాక మెడికల్ షాపు దగ్గర ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అన్నా, జరమొచ్చింది, రెండు పూటలకు గోలీలియ్యి." ఎన్ని రోజులైంది, చలి పెడుతోందా, వాంతులయ్యాయా అని అడిగే షాపులున్నాయి. ఏమీ అడగకుండానే కత్తెర తీసి షీట్లు కత్తిరించే షాపులూ ఉన్నాయి. ఏ షాపులోనైనా చివరికి కవర్లో పడేవి దాదాపు అవే: పారాసెటమాల్, ఒక యాంటీబయాటిక్, ఒక గ్యాస్ గోలీ, ఒళ్లు నొప్పులన్నారంటే ఇంకో గోలీ. అదేం జ్వరమో కొన్నవాళ్లకూ తెలియదు, అమ్మినవాళ్లకూ తెలియదు. తగ్గితే సరే. తగ్గకపోతే మూడో రోజు ఆర్‌ఎంపీ దగ్గరికో, ల్యాబుకో, కాస్త భయం పట్టుకుంటే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికో పోతారు.

ఇందులో జనాన్ని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో డాక్టర్ ఉంటారు, మందులు ఉచితం, రక్త నమూనా ఇస్తే ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రంలో పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారు. కానీ అవి పగటిపూట నడిచేవి. అడ్డా కూలీకి, సెంట్రింగ్ పనివాడికి, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు పగలు దవాఖానాకు పోవడమంటే ఆ రోజు కూలి పోవడమే. షాపు రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది. లైను లేదు, ఫీజు లేదు, తెలిసిన మొహం, అవసరమైతే ఉద్దెర కూడా దొరుకుతుంది.

మరి ఆ షాపులోనే వేలి కొసన ఒక్క పోటు పొడిచి, పావుగంటలో మలేరియా అవునో కాదో చెప్పగలిగితే? ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కంబోడియాలో 2000ల మొదట్లోనే సబ్సిడీ ధరకు మలేరియా కిట్లను, మందులను ప్రైవేటు దుకాణాల ద్వారా అమ్మించారు. తర్వాత ఉగాండా, కెన్యా, టాంజానియా, ఘనా, నైజీరియాల్లో రకరకాలుగా ప్రయత్నించారు. అక్కడి అనుభవం మొత్తం మీద మంచిదే. అయితే దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి హైదరాబాద్‌లో దింపితే బోల్తా పడుతుంది. అక్కడ చాలాచోట్ల షాపుకొచ్చే జ్వరాల్లో పెద్ద భాగం మలేరియా. ఇక్కడ వర్షాకాలంలో కూడా నూటికి తొంభైకి పైగా పరీక్షల్లో వచ్చేది నెగెటివే. ఆ నెగెటివ్ చూశాక కౌంటర్ వెనకున్న మనిషి ఏం చేస్తాడన్న దాని మీదే ఇక్కడ పథకం నిలుస్తుందో లేదో తేలుతుంది.

కౌంటర్ మీద ఇరవై నిమిషాలు

కోవిడ్ కాలంలో ముక్కులో పుల్ల పెట్టించుకున్నవాళ్లందరికీ ఈ తెల్లటి ప్లాస్టిక్ క్యాసెట్ పరిచయమే. మలేరియా కిట్ కూడా అలాంటిదే, కాకపోతే దీనికి రక్తం కావాలి. రేకు సంచి చింపగానే ముందు గడువు తేదీ, తర్వాత లోపలున్న సిలికా జెల్ పొట్లం చూడాలి. దాని రంగు మారిందంటే తేమ తగిలిందని అర్థం, ఆ కిట్ పారేయాల్సిందే. ఉంగరపు వేలి కొసను స్పిరిట్‌తో తుడిచి, ఆరేదాకా ఆగాలి. తొందరపడి తడి మీదే పొడిస్తే రక్తం చుక్కగా నిలవదు, పరుచుకుపోతుంది. కావాల్సింది 5 మైక్రోలీటర్లు, అంటే ఒక చిన్న చుక్కలో కొంత. దాన్ని చిన్న గడిలో వేసి, పక్క గడిలో బఫర్ ద్రవం చుక్కలు కిట్ మీద ఎన్ని రాసి ఉంటే అన్నే వేయాలి. తర్వాత 15 నుంచి 20 నిమిషాలు ఆగాలి.

పరీక్ష సరిగ్గా నడిచిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ కిట్ చెల్లదు, మళ్లీ చేయాలి. మలేరియా ఉందని చెప్పే అసలు గీత ఎంత లేతగా కనిపించినా పాజిటివే. అరగంట, గంట గడిచాక చూసి చెప్పే ఫలితానికి విలువ లేదు, ఎందుకంటే ఆలస్యంగా గీతలు తేలుతుంటాయి. ఇవన్నీ ఒక పూటలో నేర్చుకోగల విషయాలే. ఆఫ్రికా దేశాల్లో ఇంతకన్నా తక్కువ చదువుకున్నవాళ్లు కూడా కొద్దిపాటి శిక్షణతో చక్కగా చేశారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆశా కార్యకర్తలు ఏళ్లుగా చేస్తున్నదీ ఇదే. ఇబ్బంది నైపుణ్యంలో లేదు, సమయంలో ఉంది. రాత్రి ఎనిమిదింటికి షాపు ముందు పదిమంది నిలబడి ఉంటే, ఒక మనిషికి చేతులు తుడిచి, గ్లౌజులు తొడిగి, చుక్కలు లెక్కపెట్టి, గడియారం చూసుకుంటూ కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది? ఐదో నిమిషంలోనే "ఏం లేదన్నా, నెగెటివే" అనేస్తే ఆ పరీక్ష చేయకపోవడమే నయం. కాబట్టి షాపు లోపల ఒక కుర్చీ, ఒక టైమరు, రద్దీ గంటల్లో రెండో మనిషి ఉండాలన్నది మొదటి షరతు కావాలి.

కిట్ పట్టుకునేది పరాన్నజీవిని కాదు, అది విడుదల చేసే ప్రోటీన్లను. మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారం అనే రకానికి హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రోటీన్, వైవాక్స్ అనే రకానికి పీఎల్‌డీహెచ్ అనే ఎంజైము. మన దేశంలో రెండు రకాలూ తిరుగుతున్నాయి కనుక దోమలు, ఇతర కీటకాల వల్ల వచ్చే జబ్బుల జాతీయ కార్యక్రమం 2013 నుంచి రెండింటినీ చూపించే కిట్లే వాడుతోంది. ఆఫ్రికాలో ఫాల్సిపారందే పైచేయి కాబట్టి అక్కడ ఒక్క గీత కిట్లు సరిపోయాయి. అక్కడి కిట్ ఇక్కడి షాపులో పెడితే వైవాక్స్ మొత్తం తప్పిపోతుంది.

దీనికి పరిమితులున్నాయి. మైక్రోలీటరు రక్తంలో 200 పరాన్నజీవులున్నా మంచి కిట్ పట్టుకుంటుంది. అంతకన్నా తక్కువుంటే జారిపోవచ్చు. నిన్నో మొన్నో ఎవరో ఇచ్చిన సగం డోసు మలేరియా గోలీలు మింగి వచ్చినవాళ్లకు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. దీనికి తలకిందులుగా, హెచ్‌ఆర్‌పీ-2 ప్రోటీన్ జబ్బు నయమయ్యాక కూడా వారాల తరబడి రక్తంలో మిగిలి ఉంటుంది. పోయిన నెల ఊళ్లో మలేరియాకు పూర్తి మందు వాడి వచ్చిన కూలీకి ఇక్కడ మామూలు వైరల్ జ్వరం వచ్చినా గీత కనిపిస్తుంది. అందుకే వేలు పొడిచే ముందు "ఈ మధ్య మలేరియా మందులు వాడావా?" అనే ప్రశ్న తప్పదు. పెరూ, ఎరిట్రియా లాంటి చోట్ల హెచ్‌ఆర్‌పీ-2 జన్యువే లేని ఫాల్సిపారం రకాలు బయటపడ్డాయి, వాటి మీద ఈ గీత పనిచేయదు.

ఎండ సంగతి కూడా చూడాలి. కిట్ల మీద సాధారణంగా 30 లేదా 40 డిగ్రీల లోపు దాచమని రాసి ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఏసీ లేని షాపు, మధ్యాహ్నం షట్టరు దించితే లోపల ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. సీజను కోసం ఏప్రిల్‌లోనే పెట్టెలు దింపి పెట్టుకుంటే జులైకల్లా అవి దెబ్బతిని ఉండొచ్చు. నెలనెలా కొద్దికొద్దిగా సరఫరా చేయడమే దారి.

ఇక మైక్రోస్కోపు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. రక్తం పూత పూసి, రంగు పట్టించి, కటకం కింద వెతికే స్లైడ్ పరీక్షే నేటికీ నిర్ధారణకు ప్రమాణం. మంచి టెక్నీషియన్ ఉంటే స్లైడ్ చూసి పరాన్నజీవి ఏ రకమో, ఎంతుందో కూడా చెప్పగలడు, కిట్ అంత చెప్పలేదు. కానీ సాయంత్రం ఇచ్చిన నమూనాకు రిపోర్టు మర్నాడు గాని రాదు, ఈలోపు కవర్లోని గోలీలు మొదలైపోయి ఉంటాయి. కిట్ గెలిచేది అక్కడే: రోగి ఎక్కడున్నాడో అక్కడే, గోలీ నోట్లో పడకముందే జవాబు వస్తుంది.

ఉగాండా, కెన్యా షాపులు చెప్పింది

ఆఫ్రికా దేశాలు ఈ దారి పట్టడానికి కారణం మందు. పాత మందులకు ఫాల్సిపారం లొంగకపోవడంతో ఆర్టెమిసినిన్ కలిపిన ఏసీటీ మందులు వచ్చాయి. అవి ఖరీదైనవి కనుక 2010 తర్వాత భారీ సబ్సిడీతో షాపుల్లోకి పంపారు. మందు అందరికీ దొరికింది. కానీ కెన్యా పశ్చిమ ప్రాంతంలో కోహెన్, దుపాస్, షానర్ అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం, 2015లో అచ్చయింది, ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టింది. సబ్సిడీ 90 శాతం దాటినప్పుడు అమ్ముడైన గోలీల్లో దాదాపు సగం మలేరియా లేనివాళ్ల కడుపులోకే పోయాయి. అదే సొమ్ములో కొంత తీసి షాపులో పరీక్షకు కూడా సబ్సిడీ ఇస్తే నూటికి ఎనభై మందికి పైగా పరీక్షకు ఒప్పుకున్నారు. "రక్తం తీస్తామంటే జనం షాపుకే రారు" అన్న భయం అక్కడితో పోయింది.

ఉగాండాలో ముకోనో జిల్లాలో లైసెన్సున్న చిన్న మందుల షాపుల్లో జరిగిన పెద్ద ప్రయోగం కూడా 2015లోనే వెలువడింది. 15 వేలకు పైగా జ్వరం రోగులు అందులో ఉన్నారు. కొన్ని షాపుల్లో కిట్ వాడి మందిచ్చారు, మిగతావాటిలో ఎప్పటిలాగే లక్షణాలు చూసి ఇచ్చారు. మలేరియా ఉన్నవాళ్లకు మందు ఇవ్వడం, లేనివాళ్లకు ఇవ్వకపోవడం అనే సరైన వైద్యం కిట్ ఉన్న షాపుల్లో దాదాపు 73 శాతం మందికి, లేని షాపుల్లో 34 శాతం మందికి అందింది. పరీక్ష చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా పాజిటివ్.

ఆ చివరి వాక్యాన్ని మనవాళ్లు ఎవరూ మర్చిపోకూడదు. సగానికి పైగా పాజిటివ్ వచ్చేచోట షాపువాడి వ్యాపారానికి పరీక్ష అడ్డం కాదు, పైగా పరీక్షకు కొంత, మందుకు కొంత వస్తుంది. జనానికి కూడా కిట్ మీద నమ్మకం త్వరగా కుదురుతుంది, ఎందుకంటే తమలో సగం మందికి అది "ఉంది" అని చెబుతోంది. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా "లేదు" అని చెప్పే పరీక్షకు డబ్బు పెట్టమంటే మొదటి నెల పెడతారు, రెండో నెల "అదేదో ఊరికే, మీరు గోలీలియ్యండి" అంటారు.

నెగెటివ్ తర్వాత ఏమవుతుందో కూడా లెక్కలున్నాయి. ఆఫ్రికా, ఆసియా దేశాల్లో ప్రభుత్వ, ప్రైవేటు కేంద్రాల్లో జరిగిన పలు అధ్యయనాలను కలిపి, 5 లక్షలకు పైగా రోగుల సమాచారంతో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. మలేరియా పాజిటివ్ వచ్చినవాళ్లలో 40 శాతం మందికి యాంటీబయాటిక్ ఇస్తే, నెగెటివ్ వచ్చినవాళ్లలో 69 శాతం మందికి ఇచ్చారు. మలేరియా కాదని తేలింది, కానీ ఏమిటో తేలలేదు, ఒట్టి చేతులతో పంపలేరు. అనవసరమైన మలేరియా మందు తగ్గింది, అనవసరమైన యాంటీబయాటిక్ పెరిగింది. ఏసీటీని కాపాడబోయి అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లను తగలేసినట్టయింది.

హైదరాబాద్‌లో ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఇక్కడి షాపు యాంటీబయాటిక్‌తోనే మొదలుపెడుతుంది. అనవసరంగా వాడుతున్న మలేరియా మందు ఇక్కడ పెద్ద సమస్యే కాదు. కిట్ వల్ల తగ్గాల్సింది ఏదైనా ఉంటే అది యాంటీబయాటిక్, దాంతోపాటు నొప్పి గోలీ. నెగెటివ్ చేతిలో పెట్టి కూడా అవే అమ్మితే కిట్ కేవలం వ్యాపారానికే పనికొచ్చినట్టు.

లెక్క తిరగబడే చోటు

పరీక్ష ఎంత మంచిదైనా, జబ్బు ఎంత అరుదో దాన్ని బట్టి దాని మాట విలువ మారుతుంది. ఒక కిట్, జబ్బున్న వందమందిలో 95 మందిని పట్టుకుంటుందని, జబ్బు లేని వందమందిలో 98 మందికి లేదని సరిగ్గా చెబుతుందని అనుకుందాం. చెడ్డ కిట్ కాదు. జ్వరంతో వచ్చిన వెయ్యిమందిలో సగం మందికి మలేరియా ఉన్న చోట అది 475 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, మరో 10 మందికి మాత్రం పొరపాటున "ఉంది" అంటుంది. అదే కిట్‌ను వెయ్యిమందిలో పదిమందికే మలేరియా ఉన్న కాలనీ షాపులో పెడితే తొమ్మిదో పదో నిజమైన కేసులు దొరుకుతాయి, జబ్బు లేని దాదాపు 20 మందికి కూడా పాజిటివ్ అని చెబుతుంది. అంటే అక్కడ గీత కనిపించిన ముగ్గురిలో ఇద్దరికి మలేరియా లేదు. ఆ ఇద్దరికీ మలేరియా మందు పెడితే వాళ్ల అసలు జబ్బు, డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, వెనకబడిపోతుంది.

వానాకాలంలో హైదరాబాద్ జనానికి టెన్షన్ పెట్టేది కూడా మలేరియా కాదు, డెంగీ. ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి అన్నదే మాట. డెంగీ జ్వరానికి ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి గోలీలు ఇస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. షాపు కవర్లో "ఒళ్లు నొప్పులకు ఇంకోటి" అని వేసేది చాలాసార్లు అలాంటి గోలీయే. నెగెటివ్ వచ్చిన మనిషికి షాపు చేయగల అతి పెద్ద మేలు ఆ గోలీ ఇవ్వకపోవడం. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్, ఒక చీటీ. చీటీ మీద తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియాల్లో నాలుగు ముక్కలు చాలు: జ్వరం మూడో రోజుకూ తగ్గకపోతే, వాంతులు ఆగకపోతే, కడుపులో నొప్పి, మగత, ఎక్కడైనా రక్తం కనిపిస్తే, ఆగకుండా ఫలానా దవాఖానాకు. పసిపిల్లలను, గర్భిణులను పరీక్షతో ఆపకుండా నేరుగా డాక్టర్ దగ్గరికే పంపాలి. నెగెటివ్ వచ్చినా చలి జ్వరం రోజు విడిచి రోజు వస్తూనే ఉంటే స్లైడ్ పరీక్ష చేయించాలి.

మలేరియా, డెంగీ రెండూ చూపించే జంట కిట్లు పెడితే పోలేదా అనే సలహా ఎవరో ఒకరు తప్పక ఇస్తారు. డెంగీ నిర్ధారణకు జాతీయ కార్యక్రమం ల్యాబులో చేసే ఎలీసా పరీక్షనే ఒప్పుకుంటుంది, ర్యాపిడ్ కార్డును కాదు. ప్రతి వానాకాలం ప్రైవేటు ల్యాబుల కార్డు ఫలితాలకు, ఆరోగ్యశాఖ లెక్కలకు పొంతన కుదరనిది అందుకే. ఆ గొడవను మందుల షాపులోకి కూడా తీసుకురావడం అనవసరం.

గీత కనిపించాక

పాజిటివ్ వస్తే షాపువాడే మందిచ్చి పంపొచ్చన్నది ఆఫ్రికా నమూనా. ఇక్కడ అది కుదరదు, కుదరకూడదు కూడా. నగరంలో కనిపించే మలేరియాలో వైవాక్స్ ఎక్కువ. దానికి మూడు రోజుల క్లోరోక్విన్ పడగానే జ్వరం పోతుంది. కానీ కాలేయంలో నిద్రపోతున్న పరాన్నజీవులు అలాగే ఉండి వారాలకో, నెలలకో మళ్లీ లేస్తాయి. వాటిని చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం నల్లగా వస్తుంది, ప్రాణం మీదికే రావచ్చు. కౌంటర్ మీద ఎదుటి మనిషికి ఆ లోపం ఉందో లేదో తెలిసే మార్గం లేదు. జ్వరం మూడో రోజుకే పోయిన కూలీ మిగతా పదకొండు రోజులు గోలీలు మింగుతాడా అని చూసేవాళ్లూ లేరు. అందుకని గీత కనిపిస్తే షాపు పని ఒకటే: ఆ రాత్రికి జ్వరం గోలీ ఇచ్చి, తెల్లారేసరికి మనిషి బస్తీ దవాఖానాలో ఉండేలా చూడటం. ఫాల్సిపారం గీతైతే తెల్లారేదాకా ఆగడం కూడా కాదు, ఆ రాత్రే ఆస్పత్రి. అది గంటల్లో మెదడుకు, మూత్రపిండాలకు ఎక్కగలదు.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. మందు రాయడం డాక్టర్ పని, పరీక్ష ల్యాబు పని, ఇవ్వడం ఫార్మసిస్ట్ పని. అయితే మలేరియా విషయంలో సర్కారు ఈ గీతలను ఎప్పుడూ ఇంత గట్టిగా పట్టుకోలేదు. బ్రిటిష్ హయాంలో 1892 నుంచి బెంగాల్‌లో పోస్టాఫీసు కిటికీ దగ్గర పైసాకో క్వినైన్ పొట్లం అమ్మారు. ఇప్పటి ఔషధ నిబంధనల్లోని కె షెడ్యూలులో కూడా, రాష్ట్ర ప్రభుత్వ ఏర్పాటు కింద క్వినైన్, ఇతర మలేరియా మందులు చిల్లరగా అమ్మేవాళ్లకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. మందును డాక్టర్ లేకుండా జనం దగ్గరికి తీసుకుపోవడానికి దారులు వేసిన రాజ్యం, పరీక్షకు అలాంటి దారి వేయలేకపోవడానికి కారణం కనిపించదు. రాష్ట్రం ఒక ఉత్తర్వుతో, ఎంపిక చేసిన షాపుల్లో, శిక్షణ పొందిన రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ చేతి మీదుగా, ప్రభుత్వ కిట్‌తో, పరీక్ష వరకే అనుమతించవచ్చు. ఆ "రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్" దగ్గరే అసలు చిక్కు. సర్టిఫికెట్ గోడ మీద, దాని యజమాని ఇంకెక్కడో, కౌంటర్లో ఇంటర్ చదివిన కుర్రాడు. ఈ సంగతి నగరంలో తెలియనిది ఎవరికి? ఫార్మసిస్ట్ నిజంగా కూర్చునే షాపులకే కిట్లు ఇస్తామంటే, మలేరియా మాట ఎలా ఉన్నా, ఆ ఒక్క నిబంధన వల్లే కొన్ని షాపులు బాగుపడొచ్చు.

వేలు పొడిచే లాన్సెట్ సూదులు ఎక్కడ పడేస్తారన్నది చిన్న ప్రశ్నలా కనిపించే పెద్ద ప్రశ్న. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులూ పదునైనవీ తెల్లటి, చిల్లు పడని డబ్బాలోకే పోవాలి, అక్కణ్నుంచి అధీకృత సంస్థ వచ్చి తీసుకుపోవాలి. షాపు ముందు చెత్త ఆటోలో పడితే మొదట గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి.

ఇక డబ్బు. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద చిల్లర షాపు మార్జిన్ 16 శాతం. క్లోరోక్విన్, పారాసెటమాల్ చవక మందులు, వాటి మీద మిగిలేది రూపాయలు కూడా కాదు. యాంటీబయాటిక్ కోర్సు మీద మిగులుతుంది. పరీక్షకు ఇరవై నిమిషాలు పెట్టి, నెగెటివ్ అని చెప్పి, యాంటీబయాటిక్ అమ్మకుండా, చీటీ ఇచ్చి పంపమంటే షాపువాడు తన చేత్తో తన గల్లాపెట్టె మూసుకోవాలి. మంచి మాటలతో, శిక్షణ సర్టిఫికెట్‌తో ఇది జరగదు. ఫలితం ఏదైనా సరే, నమోదు చేసిన ప్రతి పరీక్షకూ షాపుకు రుసుము చెల్లించాలి. పాజిటివ్‌కు ఎక్కువ, నెగెటివ్‌కు తక్కువ అని పెట్టకూడదు, పెడితే లేత గీతలు ఎక్కువైపోతాయి. రోగి నుంచి ఏమీ తీసుకోకూడదు.

ఎక్కడ పెట్టాలి

నగరమంతా పెట్టడం దండగ. పై లెక్కే ఆ మాట చెబుతోంది. దేశం మొత్తం మీద 2015లో నమోదైన మలేరియా కేసులు 11.69 లక్షలు, 2023కి 2.27 లక్షలకు దిగాయి. 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలన్నది జాతీయ లక్ష్యం. తెలంగాణలో జబ్బు ఎక్కువగా మిగిలింది భద్రాద్రి కొత్తగూడెం, ములుగు లాంటి అడవి ప్రాంతాల్లో. హైదరాబాద్‌కు అది మనుషులతో పాటు వస్తుంది. కోకాపేట, నార్సింగి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టుపక్కల టవర్ల పునాదుల దగ్గర లేబర్ క్యాంపుల్లో ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ నుంచి వచ్చిన వేలమంది ఉంటారు. అవి మలేరియా ఇంకా గట్టిగా ఉన్న రాష్ట్రాలు. నిరుడు ఊళ్లో పట్టిన వైవాక్స్ ఈ ఏడు ఇక్కడ తిరగబెట్టొచ్చు. నగరంలో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమకు మురికి కాలువ అక్కర్లేదు, మంచి నీళ్లు కావాలి. స్లాబ్ క్యూరింగ్‌కు కట్టిన నీళ్లు, సెల్లారు గుంటలు, మూతలేని సంపులు, డ్రమ్ములు దానికి పుట్టినిళ్లు. పరాన్నజీవిని మోసుకొచ్చిన మనిషి, దోమ, నీళ్లు ఒకే కంచె లోపల ఉంటాయి.

ఆ క్యాంపు గేటు ఎదురుగా ఉన్న రెండు మూడు మందుల షాపుల్లో పెట్టే కిట్‌కు కాలనీ షాపులో కిట్ కన్నా చాలా విలువ ఉంటుంది. అక్కడ జ్వరంతో వచ్చిన వెయ్యిమందిలో వందమందికి మలేరియా ఉందనుకుంటే, అదే కిట్ 95 మందిని సరిగ్గా పట్టి, 18 మందికి తప్పుగా చెబుతుంది. అది నమ్మదగిన పాజిటివ్. కాంట్రాక్టర్లను కూడా ఇందులోకి లాగొచ్చు. వచ్చిన వారంలో జ్వరం ఉన్నవాళ్లకు పరీక్ష తప్పనిసరి చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. కాకపోతే పాజిటివ్ వచ్చినవాణ్ని పనిలోంచి తీసేస్తారన్న భయం ఉంటే ఒక్కడూ వేలు చాపడు, కాబట్టి ఫలితం కాంట్రాక్టర్‌కు చేరకూడదు.

ఆరోగ్యశాఖకు మాత్రం చేరాలి. కోవిడ్ మూడో వేవ్‌లో, 2022 జనవరిలో, ఇంట్లో చేసుకునే కిట్లు మందుల షాపుల్లో విరివిగా అమ్ముడయ్యాయి. ఫలితాన్ని యాప్‌లో ఎక్కించమన్నారు, ఎక్కించినవాళ్లు తక్కువ, మిగతావి ఎవరి లెక్కలోనూ పడలేదు. మలేరియా పరీక్ష అలా చెదిరిపోతే దాని సగం ప్రయోజనం పోతుంది, ఎందుకంటే ఒక పాజిటివ్ తెలిసిన రెండు రోజుల్లో నగరపాలక సంస్థ దోమల నివారణ (ఎంటమాలజీ) సిబ్బంది ఆ క్యాంపు నీళ్లలో లార్వాలను చంపగలిగితేనే పక్కవాడికి రాకుండా ఆగుతుంది. షాపుల చేత నమోదు చేయించడం కుదరని పని కాదు. క్షయ మందులు అమ్మితే రోగి వివరాలు తెలియజేయాలని 2018 మార్చిలో కేంద్రం గెజిట్‌లో మందుల షాపులకు చెప్పింది. హెచ్1 షెడ్యూలు మందుల (కొన్ని యాంటీబయాటిక్‌లు, క్షయ మందుల లాంటివి) అమ్మకాలను రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలన్న నిబంధన అంతకు ముందు నుంచే ఉంది. అన్ని షాపులూ పాటిస్తున్నాయని కాదు, పాటించే షాపులు ఏవో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు తెలుసు, మొదలుపెట్టాల్సింది వాటితోనే.

ఒక వానాకాలం ఇలా నడిపి చూస్తే ఫలితాన్ని ఎన్ని మలేరియా కేసులు దొరికాయన్న అంకెతో తూచకూడదు. ఆ అంకె చిన్నదే ఉంటుంది, మంత్రిగారి సమీక్షలో చూపించడానికి బాగోదు. చూడాల్సినవి వేరే రెండున్నాయి. చీటీతో పంపిన నెగెటివ్‌లలో, పాజిటివ్‌లలో ఎందరు దవాఖానా మెట్లెక్కారు? ఇది దవాఖానా ఓపీ రిజిస్టర్లో తేలుతుంది. నెగెటివ్ వచ్చిన మనిషికి ఆ రోజు షాపు యాంటీబయాటిక్, నొప్పి గోలీ అమ్మిందా లేదా? దీనికి సర్వేలు అక్కర్లేదు. ఈ రోజుల్లో చాలా షాపుల్లో బిల్లింగ్ కంప్యూటర్ మీదే నడుస్తోంది. పరీక్ష రుసుము చెల్లించే ముందు ఆ నెల జ్వరం కవర్ల బిల్లులు తీసి చూపించమంటే సరిపోతుంది.